అరచేతిలో రామచిలుక

తెలుగువారి మాటల్లో చిలుకకు దక్కినంత చోటు మరే పక్షికీ దక్కలేదేమో! ముద్దుముద్దుగా మాట్లాడే పసిపిల్లవి చిలకపలుకులంటాం. అర్థం తెలియకుండా వల్లించే చదువును చిలకపాఠమంటాం. ఎంత ఓపికగా బోధించినా వినని వారిని తలచుకొని ‘చిలక్కి చెప్పినట్టు చెప్పాను’ అని వాపోతాం. అన్యోన్యంగా ఉండే దంపతులు చిలకాగోరింకలు. భోజనానంతరం అందించే తాంబూలం చుట్టలకు సైతం చిలకలనే పేరు. మాయల ఫకీరు ప్రాణాలు ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉన్నాయని బాలనాగమ్మ కథలో విని, చిన్ననాడు గుండె చిక్కబట్టుకోని తెలుగువారు అరుదు. నేను నివసించే సికింద్రాబాదులో ఒక పేటకు పేరే చిలకలగూడ.

ఇంతగా మన నోట నానిన ఈ పక్షికి మనమంటే ఏమిటి? ఈ ప్రశ్న మనం సాధారణంగా వేసుకోము. చిలుకను గురించి మనం చెప్పుకొనే మాటల్లో ఎక్కువ భాగం పంజరంలోని చిలుకను గురించినవే. అది మన మాటలు నేర్చుకుంటుంది, మన పేరు పెట్టి పిలుస్తుంది, జోస్యం చెప్పేవాని గూట్లోంచి వచ్చి ముక్కుతో చీటీ తీస్తుంది. కాని చెట్టుమీది చిలుక వేరు. మనిషి నీడ కనబడితే చాలు, కీచుమని అరిచి ఆకుల్లో ఆకై మాయమవుతుంది. ఆ భయం దానికి ఊరికే రాలేదు. జొన్నచేలలో మంచెమీద కూర్చొని వడిసెల విసిరిన మనిషిని అది ఎరుగును. ఎండిన కొబ్బరిమాను ఎక్కి తొర్రలో చేయిపెట్టి పిల్లలను తీసుకుపోయిన మనిషినీ ఎరుగును.

ప్రాచీన సాహిత్యం బోధించడం నా వృత్తి. బాణభట్టు ఏడవ శతాబ్దంలో, హర్షచక్రవర్తి ఆదరణలో రచించిన ‘కాదంబరి’ని నేను ఎన్నోమార్లు విద్యార్థులకు పరిచయం చేశాను. ఆ కావ్యంలో కథ చెప్పేది ఒక చిలుక. వింధ్యాటవిలో, పంపాసరస్సు చేరువలో, పెద్ద బూరుగుచెట్టు తొర్రలో అది పుట్టింది. పుట్టిన వెంటనే తల్లి పోయింది. ముసలితండ్రి తనకు సత్తువ లేకపోయినా మేత తెచ్చి సాకాడు. ఒకనాడు వేటకు వచ్చిన గుంపులో వెనకబడిన ఒక వృద్ధశబరుడు ఆ చెట్టెక్కి, చిలుకలను ఒక్కొక్కటిగా చంపి నేలమీద పడవేశాడు. తండ్రి రెక్కల కింద దాగిన ఈ పిల్ల అతని కంటబడలేదు. తండ్రితోపాటు ఎండుటాకుల కుప్పమీద పడి బతికింది. దప్పికతో సొమ్మసిల్లిన దానిని జాబాలి మహర్షి కుమారుడైన హారీతుడు చూచి, నీటియొడ్డుకు తీసుకుపోయి, వేలితో కొన్ని చుక్కలు తాగించి, ఆశ్రమానికి చేర్చాడు. తండ్రి పోయిన క్షణంలోనూ తనకు ప్రాణంమీద తీపి పోలేదే అని ఆ చిలుక తనను తాను నిందించుకుంటుంది. కరుణరసానికి ఉదాహరణగా ఆ ఘట్టాన్ని ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను. కాని ఆ ఎండుటాకుల కుప్ప ఎలా ఉంటుందో, ఆ దప్పిక ఎలాంటిదో నాకు తెలిసింది మాత్రం పుస్తకంలో కాదు.

కొన్నేళ్ళ కిందట ఒక ఏప్రిల్ మాసపు సాయంకాలం సికింద్రాబాదులో పెద్ద గాలిదుమారం లేచింది. మా వీధి చివర మోడుబారిన కొబ్బరిచెట్టు ఒకటి ఉండేది. దాని నడుమ తొర్రలో రామచిలుకల జంట గూడు పెట్టుకొని ఉండేది. రామచిలుక తనంత తాను గూడు అల్లుకోదు. చెట్టుతొర్రనో, గోడలోని కన్నాన్నో వెతుక్కొని అందులోనే గుడ్లు పెడుతుంది. అందుచేత మనకు పనికిరానిదిగా తోచే మోడుచెట్టు దానికి మేడకంటె ఎక్కువ. ఆనాటి గాలికి ఆ మాను సగానికి విరిగి రోడ్డుమీద పడింది. మూడు పిల్లలలో రెండు అక్కడికక్కడే చనిపోయాయి. మూడవదానిని, ఆ వీధిలో ఇస్త్రీబండి నడిపే దంపతుల కూతురు తన చున్నీలో చుట్టి మా ఇంటికి తెచ్చింది. ఆ అమ్మాయి అప్పుడు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతోంది.

“మేడమ్, దీని అమ్మానాన్నలు చీకటిపడేదాకా పైనే తిరిగి తిరిగి పోయినయి. కింద కుక్కలున్నయి. ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు” అన్నది.

చున్నీ విప్పి చూచాను. పిడికిలంత ప్రాణి. ఒంటినిండా ముళ్ళవలె పొడుచుకు వచ్చిన ఈకలు. వాటి కొనల నుండి అప్పుడప్పుడే ఆకుపచ్చదనం తొంగిచూస్తున్నది. తలకు మించిన ముక్కు. అది అరవలేదు, కదలలేదు. కళ్ళు మాత్రం ఆర్పకుండా మమ్మల్ని చూస్తున్నది. గుండె కొట్టుకోవడం చర్మం మీదినుండే కనబడుతున్నది.

మా అత్తగారికి అప్పటికి ఎనభై ఏళ్ళు దాటాయి. చిన్నతనంలో పుట్టింట పంజరంలో చిలుక ఉండేదట. ఆమె వెంటనే గిన్నెలో పాలు తెమ్మన్నది. నాకెందుకో అనుమానం కలిగి, ముందుగా పక్షులకు వైద్యం చేసే డాక్టరుగారికి ఫోను చేశాను. ఆయన చెప్పిన మొదటి మాట, “పాలు వద్దు, నీళ్ళు వద్దు, ముందు వెచ్చదనం ఇవ్వండి” అని. పక్షులు పిల్లలకు పాలిచ్చే జాతి కాదు. పాలను అరిగించుకొనే శక్తి వాటికి లేదు. నోట్లో నీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం పోవచ్చు. చల్లబడిన పిల్లకు మేత పెట్టినా అరగదు. ఒక అట్టపెట్టెలో మెత్తని నూలుబట్ట పరచి, వేడినీళ్ళ సీసాకు గుడ్డచుట్టి పక్కన పెట్టి, పెట్టెపైన గాలి ఆడేటట్లు మరొక గుడ్డ కప్పాము. ఆ చీకటిలో, ఆ వెచ్చదనంలో అది తలవాల్చింది.

మరునాడు డాక్టరుగారు పరీక్షించి, వయస్సు సుమారు నాలుగు వారాలుండవచ్చునన్నారు. ఎముకలేమీ విరగలేదు. గాయపడిన పక్షులను సంరక్షించే కేంద్రం వారు, గాలివానకు గూళ్ళు పోయిన పిల్లలతో తమ గదులన్నీ నిండిపోయాయనీ, అది స్వయంగా మేత తినేవరకు మూడు నాలుగు వారాలు ఇంటనే సాకగలరా అనీ అడిగారు. అటవీశాఖవారికి తెలియజేసి, వారి అనుమతితోనే మేము అందుకు ఒప్పుకొన్నాము. మన దేశపు చిలుకలను పట్టడం, అమ్మడం, ఇంట పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పంజరంలో చిలుకను చూడడానికి అలవాటుపడిన మన కళ్ళకు ఇది వింతగా తోచవచ్చు. కాని అంగట్లోకి వచ్చే ప్రతి పిల్ల వెనుక ఒక ఖాళీ అయిన తొర్ర ఉంటుంది. దారిలోనే ఊపిరాడక చనిపోయిన దాని తోబుట్టువులుంటాయి. చట్టం చూచింది ఆ తొర్రను.

ఇక మేత సంగతి. తల్లిచిలుక తాను తిన్న గింజలను, పండ్లను మెడ కింద ఉండే సంచిలో నానబెట్టి, మెత్తబరచి, తిరిగి పైకి తెచ్చి పిల్ల నోటిలో పెడుతుంది. ఆ పనిని మనిషి చేయాలంటే ఒక వంటగది చాలదు, ఒక గడియారమూ కావాలి. నానబెట్టి ఉడికించిన శనగలు, క్యారెట్టు, మాగిన అరటిపండు కలిపి గంధంలా నూరి, డాక్టరుగారు ఇచ్చిన పొడిని అందులో చేర్చి పలుచని జావ చేయాలి. అది 39, 40 డిగ్రీల వేడిలో ఉండాలి. అంతకంటె వేడైతే లోపలి సంచి కాలుతుంది. చల్లబడితే మేత అరగక లోపలే పులుస్తుంది. ముంజేతి లోపలి భాగం మీద చుక్క వేసుకొని చూచుకోవాలి. చెంచా అంచులు రెండువైపులా లోపలికి వంచితే అది దొప్పలాగ, తల్లిముక్కులాగ అవుతుంది. మెడకింది సంచి నిండినదీ లేనిదీ వేలికి తెలుస్తుంది. అది ఖాళీ అయిన తరువాతనే మరల పెట్టాలి. పగటివేళ నాలుగేసి గంటలకొకసారి చొప్పున ఈ పని సాగాలి.

ఇంత చేసినా, మొదటిరోజు అది నోరు తెరవలేదు.

చెంచా దగ్గరకు తెస్తే పెట్టె మూలకు ఒదిగి, ఈకలను ఒంటికి అంటించుకొని, సగం పరిమాణానికి ముడుచుకుపోయింది. మరికొంత దగ్గరికి పోతే మెడ సాచి బుసకొట్టింది. వంటింటి త్రాసులో తూచాము. 84 గ్రాములు. రెండవరోజు ఉదయానికి 79. అంత చిన్న ప్రాణికి ఐదు గ్రాములంటే ఎంతో! ఆ పూట కూడా తినకపోతే గొట్టంతో లోపలికి మేత పంపవలసి వస్తుందనీ, దానికి కేంద్రానికి తీసుకురావలసి ఉంటుందనీ డాక్టరుగారు చెప్పారు.

ఆ అమ్మాయి కళాశాలకు సెలవులు కావడంతో ఉదయమే వచ్చేది. రెండవరోజు మధ్యాహ్నం అది నన్ను ఒక ప్రశ్న అడిగింది. “మేడమ్, మనం పైనుంచి చెయ్యి పెడుతున్నం గదా! డేగ గూడ పైనుంచే వస్తది గదా!”

ఎన్ని పుస్తకాలు చదివితే ఆ మాట తోస్తుంది? చిలుక ఇతర ప్రాణులకు ఆహారమయ్యే జాతి. దాని కళ్ళు తలకు రెండుపక్కల ఉండడమే అందుకు గుర్తు. నలుదిక్కులనుండి వచ్చే ఆపదను అది కనిపెట్టాలి. వేటాడే జంతువుకు కళ్ళు ముందుకు ఉంటాయి, మనకున్నట్లు. రెండు కళ్ళతో సూటిగా చూస్తూ, పైనుండి చేయి చాచి వచ్చే మన ఆకారంలో అది ప్రేమను ఎలా చూడగలదు? మనం జాలి అనుకొనేదే దానికి డేగ.

పెట్టెను నేలమీదినుండి తీసి బల్లమీద పెట్టాము. మేము కింద కూర్చున్నాము. ఇప్పుడు దాని తల మా తలకంటె ఎత్తున ఉన్నది. ఆ అమ్మాయి సూటిగా చూడడం మానివేసి పక్కకు తిరిగి కూర్చున్నది. చెంచాను పైనుండి కాక పక్కనుండి, నేలను పాకుతున్నంత నెమ్మదిగా జరిపింది. అది ఒదిగిన వెంటనే చెంచాను వెనక్కు తీసింది. మరల జరిపింది. మరల వెనక్కు తీసింది. నాకు ఆత్రం. జావ చల్లారుతున్నది, తిరిగి వెచ్చజేయాలి. ఆ అమ్మాయికి ఏ ఆత్రమూ లేదు. అలా ఎంతసేపు గడిచిందో. పదోమారో పదిహేనోమారో అది ఒదగలేదు. చెంచా కొన దాని నోటి పక్కన తగిలింది. ఒక్కసారిగా తల పైకీ కిందికీ ఊపుతూ, గొంతులో ఏదో గురగురమని చప్పుడు చేస్తూ, నోరు తెరచి చెంచాను అందుకొన్నది. తల్లిచిలుక ముక్కు పట్టుకొని పిల్ల మేత లాగుకొనే తీరు అది. మూడు చెంచాలు తిన్నది. మా అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకొంటూ, “తిన్నదే తల్లీ! ఇగ బతుకుతది” అన్నది.

ఆ తరువాతి రోజులలో ఒక విషయం స్పష్టమైంది. భయపడిన ప్రాణికి మనం ఏమి ఇస్తున్నామన్నదానికంటె, అది వద్దన్నప్పుడు మనం ఏమి చేస్తున్నామన్నదే ముఖ్యం. ప్రతిసారీ ‘వద్దు’ అన్న వెంటనే చేయి వెనక్కు వెళ్ళడం అది గమనించింది. తన మాట చెల్లుతున్నదని దానికి తెలిసిన తరువాతనే ‘కావాలి’ అనడం మొదలుపెట్టింది. నమ్మకమనేది మనం పోసే జావలో లేదు, వెనక్కు తీసిన చేతిలో ఉన్నది. అందుకే మేమొక నియమం పెట్టుకొన్నాము. మేత ఎప్పుడూ ఒకే వేళకు, ఒకే చోట, ఒకే గొంతుతో పెట్టాలి. దానిని ఎవరూ పట్టుకోరాదు. అరచేయి తెరచి బల్లమీద ఉంచడం మన పని. అందులోకి రావడమో మానడమో దాని ఇష్టం.

చిలుక పాదాలకు రెండు వేళ్ళు ముందుకు, రెండు వెనుకకు ఉంటాయి. కొమ్మను పట్టుకొని ఎక్కడానికీ, ఆహారాన్ని చేతితో పట్టుకొన్నట్లు పట్టుకొని తినడానికీ ఆ అమరిక. పదకొండవ రోజున ఒక పాదం మెల్లగా సాచి ఆ అమ్మాయి చిటికెనవేలిని పట్టుకొన్నది. కాసేపు అలాగే నిలబడి ఆలోచించినట్లు చూచింది. రెండవ పాదం కూడా పెట్టింది. తరువాత అరచేతి నడుమకు నడచిపోయి, ఈకలు వదులుచేసుకొని, ఒంటికాలిమీద నిలబడి, ముక్కును కరకరమని నూరుకొంటూ కళ్ళు మూసింది. చిలుక నిశ్చింతగా ఉన్నప్పుడు చేసే చప్పుడది. ఆ పూట దాని బరువు 103 గ్రాములు. ఆ అమ్మాయి అరగంటసేపు చేయి కదపలేదు.

తరగతిలోకి మొదటిరోజు అడుగుపెట్టే విద్యార్థులను ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. పల్లెలనుండి వచ్చి చివరి బెంచీలో ఒదిగి కూర్చొనేవారు కొందరుంటారు. పేరు అడిగితే గొంతు పెగలదు. వారిని లేపి నిలబెట్టి, అందరి ఎదుట మాట్లాడించి, ధైర్యం నేర్పుతున్నామనుకొనే ఉపాధ్యాయులుంటారు. పక్కగా కూర్చొని, వారి వంతు వచ్చేదాకా వేచి ఉండేవారూ ఉంటారు. చదువు ఏ చేతికి వచ్చి వాలుతుందో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు.

ఇక్కడితో ఈ కథ ముగిసి ఉంటే అందరికీ సంతోషమే. కాని అసలు చిక్కు ఇక్కడే మొదలయింది.

నెలరోజులకు దాని ఒళ్ళంతా పచ్చని ఈకలతో నిండింది. ముక్కు ఎర్రబారింది. మెడచుట్టూ ఉండే నల్లని, గులాబిరంగు పట్టీ మగచిలుకకు మాత్రమే వస్తుంది, అదీ రెండు మూడేళ్ళ వయస్సు వచ్చాక. కనుక అది ఆడదో మగదో మాకు తెలియదు. గది అంతా ఎగరసాగింది. జామముక్కలు, సజ్జకంకులు, పచ్చిమిరపకాయలు తానే పట్టుకొని తినసాగింది. మిరపలోని కారం పక్షులకు తెలియదు. మనకు నోరు మండించే ఆ గుణం వాటికి బాధ కలిగించదు. పగలంతా మేమందరం పనులమీద వెళ్ళిపోతే ఇంట ఒంటరిగా ఉండేది మా అత్తగారు. చిలుక ఆమె భుజమే తన కొమ్మ అనుకొన్నది. ఆమె జపమాల తిప్పుతుంటే పూసలను ముక్కుతో లాగేది. ఆమె నిద్రపోతే మంచంకోడుమీద కూర్చొని కాపలా కాసేది. ఎన్నో ఏళ్ళ తరువాత ఆ ముసలిప్రాణం పగటిపూట ఎవరితోనో మాట్లాడడం విన్నాను.

డాక్టరుగారు చూడడానికి వచ్చారు. అది నేరుగా ఎగిరివచ్చి ఆయన భుజంమీద వాలింది. మేము గర్వంగా నవ్వాము. ఆయన నవ్వలేదు.

“ఇదే నాకు భయం. రేపు బయటికి పోయాక కూడా ఇట్లాగే వాలుతుంది. వాలిన ప్రతి భుజం మీ భుజం కాదు కదా!” అన్నారు.

పక్షిపిల్లలు తమను సాకినవారినే తమ జాతి అనుకొనే ప్రమాదం ఉందని శాస్త్రజ్ఞులు ఎన్నడో గుర్తించారు. ఆస్ట్రియా దేశస్థుడైన కొన్రాడ్ లోరెంజ్ ఎదుట గుడ్డు పగిలి బయటికి వచ్చిన బాతుపిల్లలు ఆయననే తల్లిగా భావించి వెంట నడిచాయి. జంతువుల ప్రవర్తనపై చేసిన పరిశోధనలకు 1973లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి లభించింది. చిలుకల తెలివి కూడా సామాన్యం కాదు. అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞురాలు 1977లో ఒక ఆఫ్రికా బూడిదరంగు చిలుకను కొని, అలెక్స్ అని పేరుపెట్టి, 2007లో అది మరణించేవరకు ముప్ఫై ఏళ్ళు పరిశీలించింది. అది రంగులను, ఆకారాలను గుర్తించి చెప్పేది. కొన్ని వస్తువులను లెక్కపెట్టేది. ఇంత తెలివి గల జాతికి ఒంటరితనం కూడా అంత పెద్దదే. రామచిలుకలు గుంపులుగా బతుకుతాయి. సందెవేళ వందలుగా ఒకే చెట్టుకు చేరుతాయి. ఎక్కడ పండు మాగింది, ఎక్కడ డేగ తిరుగుతున్నది అనేవి పిల్ల నేర్చుకొనేది ఆ గుంపులోనే. మేము మేత పెట్టగలిగాము. ఆ విద్య మాకు రాదు.

కేంద్రంలో పెద్ద వల గది ఉన్నది. అక్కడ దాని ఈడువే పదకొండు చిలుకలున్నాయి. వాటికి మనుషులు కనబడరు. మేత ఒక కిటికీలోనుండి లోపలికి జరుపుతారు. వానలు పడి పండ్లు, గింజలు దొరికే కాలంవరకు వాటిని కలిపి ఉంచి, మనిషి అలవాటు మరపించి, తరువాత వదులుతారు. ఒక వారంలో పంపవలసిందని డాక్టరుగారు చెప్పి వెళ్ళారు.

ఆ వారం మా ఇంట ఎవరూ ఎక్కువగా మాట్లాడుకోలేదు. అంతకష్టపడి సంపాదించిన నమ్మకాన్ని మా చేతులతోనే తుడిచివేయాలి. భుజంమీద వాలబోతే పక్కకు తప్పుకోవాలి. పిలిస్తే పలకరాదు. ఆ అమ్మాయి రావడం తగ్గించింది. ఎందుకు రాలేదని అడిగితే, “నేను కనబడితే అది నా దిక్కు ఉరుకుతది మేడమ్. అందుకే వస్తలేను” అన్నది. ప్రేమించడానికి దగ్గరికి రావడం ఒక్కటే మార్గం కాదని ఆ పదహారేళ్ళ పిల్లకు ఎవరు చెప్పారో!

మా అత్తగారికి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. ఆమె ఏకాంతం ఎంతటిదో ఎరిగిన నేను, దానికి దొరికిన ఒక్క తోడును తీసుకుపోతామని ఏ నోటితో అనగలను? చట్టం పేరు చెబితే ఆమె కాదనదు. కాని బాధపడుతుంది. ఆరవనాటి రాత్రి ఆమే ఆ మాట ఎత్తింది.

“అమ్మాయ్! రామదాసు గోలకొండ చెరసాలలో పన్నెండేండ్లు ఎందుకున్నడో తెలుసా?”

“తెలుసు అత్తయ్యా. సర్కారు పైకంతో భద్రాచలంలో గుడి కట్టించినందుకు.”

“అది తానీషా లెక్క. రాముని లెక్క వేరే ఉన్నది. పోయిన జన్మల ఒక చిలకను పంజరంల పెట్టిండట. దాని ఉసురు తగిలింది. అంత భక్తునికే మాఫీ లేకపాయె. ఈ వయసుల నాకెందుకమ్మా ఆ లెక్క? తోలియ్యండి.”

కంచెర్ల గోపన్న కథను నేను చిన్ననాటినుండి వింటూనే ఉన్నాను. చరిత్రకారులు ఆ కారాగారవాసానికి కారణాన్ని ప్రభుత్వ ధనంలో వెతుకుతారు. జనం మాత్రం దానికొక చిలుకను చేర్చుకొన్నారు. రామభక్తుడైనా సరే, పక్షి స్వేచ్ఛను హరిస్తే శిక్ష తప్పదని తీర్పు చెప్పిన ఆ అజ్ఞాతకథకులు, మన చట్టాలు పుట్టడానికి ఎంతో ముందే వన్యప్రాణి సంరక్షణను రాసిపెట్టారు. పంజరంలో చిలుకను పెంచినదీ ఆ సమాజమే. పెంచరాదని కథ కట్టుకొన్నదీ ఆ సమాజమే. ఏ జాతి సంస్కారమైనా ఒక్క ముఖంతో ఉండదు. ఏ ముఖాన్ని మనం నిలబెట్టుకొంటామన్నదే ప్రశ్న.

మరునాడు చిలుకను కేంద్రానికి చేర్చాము. మా అత్తగారు గుమ్మందాకా వచ్చి, దానివైపు చూడకుండా, పెట్టెమీద చేయివేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం నుండి ఆ అమ్మాయి తన పుస్తకాలు తెచ్చుకొని ఆమె మంచం పక్కనే కూర్చొని చదువుకోవడం మొదలుపెట్టింది. ఎవరూ రమ్మని చెప్పలేదు. ఆమె రామదాసు కథ చెబుతుంటే ఈ పిల్ల వినేది. ఈ పిల్ల పాఠం ఒప్పజెబుతుంటే ఆమె వినేది. పక్షి ఖాళీ చేసిన భుజం పక్కకు ఒక మనిషి వచ్చింది.

ఆగస్టు చివర, వానలు వెలిసిన ఒక ఉదయం, నగరం వెలుపల జామతోటల దగ్గర వాటిని వదిలారు. దూరంగా నిలబడి చూడడానికి మాకు అనుమతి దొరికింది. వల గది తలుపు తెరచినా చాలాసేపు ఏదీ బయటికి రాలేదు. తరువాత ఒకటి వచ్చి వేపకొమ్మమీద వాలింది. అది అరిచింది. మిగిలినవి ఒక్క ఊపున బయటికి వచ్చాయి. పన్నెండూ పచ్చనివే, పన్నెండూ ఒక్కలాంటివే. “మేడమ్, మనది ఏది?” అని ఆ అమ్మాయి అడిగింది. నేను చెప్పలేకపోయాను. ఏ ఒక్కటీ మా వైపు తిరగలేదు. డాక్టరుగారి ముఖాన మొదటిసారి నవ్వు కనిపించింది.

భయపడినవారిని దగ్గరికి తీసుకోవడం మంచితనానికి మొదటిమెట్టు. వారు మన చేతిని నమ్మడం రెండవ మెట్టు. చాలామందిమి అక్కడే ఆగిపోతాము. ఆ నమ్మకం మనకు తీపిగా ఉంటుంది గనుక దానిని మనకోసమే దాచుకోవాలనిపిస్తుంది. తల్లిదండ్రులమైనా, గురువులమైనా ఈ ప్రలోభానికి అతీతులం కాము. కాని ఎక్కవలసిన మూడవ మెట్టు ఒకటి ఉన్నది. మన చేతిలో బలం పుంజుకొన్న ప్రాణి మన చేతిని మరచిపోగలగాలి. తన జాతిలో కలిసి, తన మేత తాను వెతుక్కొని, తన చెట్టును తాను ఎంచుకోగలగాలి. చిలుకను చిలుకగా ఉండనిచ్చినప్పుడే మనం దానిని పెంచినట్లు. మన పలుకులు దానిచేత పలికించినప్పుడు కాదు.